నా మాట మీద పిలిచారు: వ్యాపార పరిచయాల్లో నా రెండేళ్ల అనుభవం

మాది అట్టపెట్టెల తయారీ యూనిట్. మూడు ప్లై, అయిదు ప్లై (అంటే మూడు, అయిదు పొరల) కరగేటెడ్ బాక్సులు, వాటి మీద ప్రింటింగ్, లోపల పెట్టే పార్టిషన్లు, ఇదే మా పని. తొమ్మిదేళ్లు ఒకే దారిలో నడిచింది. సగానికి పైగా ఆర్డర్లు ఒకే కస్టమర్ నుంచి వచ్చేవి. ఒక సోమవారం ఉదయం ఆ కంపెనీ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసి, ఇకనుంచి తమ బాక్సులు తామే తయారు చేసుకుంటున్నామని, ఉన్న ఆర్డర్ పూర్తయ్యాక కొత్తది ఉండదని చెప్పారు. మర్యాదగానే చెప్పారు. ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళితే మెషీన్లన్నీ ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఆరు వారాల తర్వాత అవి సగం పూటే నడుస్తాయని ఆ షెడ్డులో నాకొక్కడికే తెలుసు.

ఆ టెన్షన్‌లో మొదట ఆన్‌లైన్‌లో ప్రకటనలు ఇచ్చాను. ఫోన్లు బాగానే వచ్చాయి. కానీ ఎవరు చేసినా మొదటి మాట "బాక్స్ రేటెంత?" అనే. సైజు చెప్పరు, లోపల ఏం పెడతారో చెప్పరు, ఎంత బరువో చెప్పరు. మేం రేటు చెప్తే అది పట్టుకుని ఇంకో పదిమందిని అడుగుతారు. వాళ్లను తప్పు పట్టను. అట్టపెట్టెలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. గోడౌన్‌లో ఎనిమిది వరసలు పేర్చి నెల తర్వాత చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆ తేడాను ఫోన్‌లో చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. ఎదురుగా మనిషి ఉండాలి, చేతిలో పెట్టె ఉండాలి. అందుకే దగ్గర్లో, గంట ప్రయాణం లోపు ఉన్న వ్యాపారస్తులను నేరుగా కలవాలని నిర్ణయించుకున్నాను.

మొదటిసారి వెళ్లింది వ్యాపారస్తుల సంఘం సాయంత్రం పూట పెట్టిన ఒక పరిచయ కార్యక్రమానికి. హాల్లో దాదాపు నూట యాభై మంది. జేబులో వంద కార్డులు పెట్టుకుని వెళ్లాను. లోపలికి అడుగు పెట్టగానే పాత పరిచయస్తుడు, మాకు గమ్ సప్లై చేసే ఆయన కనిపించారు. ప్రాణం లేచొచ్చింది. మొదటి నలభై నిమిషాలు ఆయన పక్కనే నిలబడ్డాను. తర్వాత ఇలా అయితే వచ్చిన పని కాదనుకుని, గబగబా అందరి దగ్గరికీ వెళ్లి పేరు చెప్పడం, కార్డు ఇవ్వడం, కార్డు తీసుకోవడం, ముందుకు జరగడం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చేసరికి జేబులో ముప్పై ఎనిమిది కార్డులున్నాయి. మర్నాడు ఆఫీసులో టేబుల్ మీద పరిచి చూస్తే, అందులో మొహం గుర్తున్నవి అయిదు. ఆ అయిదుగురితోనూ ఏం మాట్లాడానో గుర్తున్నది ఒక్కరి విషయంలోనే. ఆయనకూ ప్యాకింగ్‌కూ ఏ సంబంధం లేదు. ఆయన కూతురి చదువు గురించి మాట్లాడుకున్నాం.

ఇది నా ఒక్కడికే ఉన్న ఇబ్బంది కాదని తర్వాత తెలిసింది. కొలంబియా బిజినెస్ స్కూల్‌కు చెందిన పాల్ ఇన్‌గ్రమ్, మైకేల్ మోరిస్ 2007లో ఇలాంటి సభ మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. వచ్చినవాళ్లకు ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించి ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నమోదు చేశారు. కొత్తవాళ్లను కలవాలనే వచ్చామని ముందు చెప్పినవాళ్లు కూడా, తీరా హాల్లోకి వచ్చాక తెలిసినవాళ్ల వైపే మొగ్గారు. అది చదివాక నాకు రెండు విషయాలు తేలాయి. ఒకటి, పిరికితనం అని నన్ను నేను తిట్టుకోనక్కర్లేదు. రెండు, పెద్ద సభలో నలభై మందిని పలకరించాలని లెక్క పెట్టుకోవడం నా పనికి సరిపోదు. ఆ తర్వాత ఏ సభకు వెళ్లినా ముగ్గురితోనే మాట్లాడేవాణ్ణి. మాట్లాడి బయటికి రాగానే కార్డు వెనక పెన్నుతో రెండు ముక్కలు రాసుకునేవాణ్ణి. "కొత్త గోడౌన్ చూస్తున్నారు", "ప్రింటర్‌తో విసిగిపోయారు", "మోకాలి ఆపరేషన్, వచ్చే నెల" ఇలా. అందుకే నా కార్డు వెనక వైపు కూడా తెల్లగా, పెన్నుతో రాస్తే ఇంకు నిలిచే కాగితం మీద మళ్లీ ముద్రించుకున్నాను. నున్నటి లామినేషన్ ఉన్న కార్డు మీద ఇంకు నిలవదు. చూపుకు బాగుంటుందని అందరూ అదే వేయిస్తారు, రాసుకునేవాడికి మాత్రం పనికిరాదు.

మూడు నెలల తర్వాత ఒక చిన్న గ్రూపులో చేరాను. వారం వారం కలిసే గ్రూపు. వృత్తికి ఒక్కరే సభ్యులు. అట్టపెట్టెలవాణ్ణి నేనొక్కణ్ణే, ఆడిటర్ ఒక్కరే, ట్రాన్స్‌పోర్ట్ ఒక్కరే. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయర్ ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజనీర్, ఒక టైలర్‌తో కలిసి రోటరీ క్లబ్‌ను మొదలుపెట్టినప్పుడు ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్లు. అలా వంతులవారీగా తిరగడం వల్లే రోటరీ అన్న పేరు వచ్చింది. తొలిరోజుల్లో వాళ్లు కూడా వృత్తికి ఒకరినే తీసుకుని, ఒకరి వ్యాపారానికి ఇంకొకరు సాయపడేవాళ్లు. తర్వాత ఆ సంస్థ సేవ వైపు వెళ్లింది. 1985లో అమెరికాలోనే ఐవన్ మైస్నర్ మొదలుపెట్టిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) అనే సంస్థ వృత్తికి ఒక్కరే అన్న ఈ నియమాన్నీ, వారం వారం కలవడాన్నీ, రిఫరల్స్ (ఒకరు ఇంకొకరికి చూపించే కస్టమర్ల పరిచయాలు) లెక్క రాసుకోవడాన్నీ ఒక పద్ధతిగా ప్రపంచమంతా నడుపుతోంది. నేను చేరిన గ్రూపు చిన్నదే అయినా చేసేది అదే. ప్రతి ఒక్కరికీ ఒక నిమిషం. ఏం చేస్తారో, ఈ వారం ఎవరి పరిచయం కావాలో ఆ నిమిషంలో చెప్పాలి.

నా మొదటి నిమిషంలో నేను చెప్పింది ఇది: "మేం అన్ని రకాల అట్టపెట్టెలు, అన్ని సైజుల్లో, నాణ్యంగా, సమయానికి చేసిస్తాం. ఎవరికి కావాలన్నా చెప్పండి." అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు వారాలు అదే చెప్పాను. నాలుగు వారాలూ చప్పట్లే వచ్చాయి, ఒక్క ఫోన్ రాలేదు.

అయిదో వారం మీటింగ్ అయ్యాక ట్రాన్స్‌పోర్ట్ నడిపే పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. "చూడు బాబూ, అన్ని రకాలు అంటే నాకు ఏదీ గుర్తుండదు. నా లారీల్లో రోజూ వందల పెట్టెలు ఎక్కుతాయి, దిగుతాయి. అందులో ఏ పెట్టె చూసినప్పుడు నీ పేరు గుర్తు రావాలో అది చెప్పు" అన్నారు.

ఇన్నేళ్లలో నాకు దొరికిన సలహాల్లో దీన్ని మించింది లేదు.

తర్వాతి వారం ఒక చితికిన పెట్టె తీసుకెళ్లాను. గోడౌన్‌లో అడుగు వరసలో ఉండి, రెండు మూలలు లోపలికి నలిగి, పక్కలు పొట్టలా ఉబ్బిన పెట్టె. నిమిషం మొత్తం దాని మీదే మాట్లాడాను. అంచు చింపి లోపలి వంకర పొర చూపించాను. మేం దాన్ని ఫ్లూట్ అంటాం. ఆ గీతలు నిలువుగా ఉంటేనే పెట్టె బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే కూర్చుండిపోతుంది. బరువులో ఎక్కువ భాగం మోసేది నాలుగు మూలలే. ఇటుకలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి జరిపి పేరిస్తే, పై పెట్టె మూల కింది పెట్టె గోడ మధ్యలో పడుతుంది, అక్కడ బలం ఉండదు. గాలిలో తేమ పెరిగితే అట్ట బలం ఇంకా పడిపోతుంది. ఇంత చెప్పి, "ఇలా మూల నలిగిన పెట్టె మీ కంటపడితే ఆ సరుకు ఎవరిదో నాకు చెప్పండి చాలు. నేను వెళ్లి ఆర్డర్ అడగను. ఎందుకు నలిగిందో చూసి చెప్తాను" అన్నాను. ఆ రోజు పెద్దగా చప్పట్లు కొట్టలేదు. కానీ ఆ చింపిన అట్టముక్క బల్ల చుట్టూ చేతులు మారింది. ఒకావిడ గీతల మీద వేలితో తడిమి చూసి, "మాకు వచ్చే పెట్టెల్లో ఇవి అడ్డంగా ఉంటాయండీ" అన్నారు.

మూడు వారాలకు పెద్దాయన నుంచి ఫోన్. ఎవరో మోటార్ విడిభాగాలు చేసేవాళ్ల సరుకు దించుతుంటే అడుగు వరస మొత్తం నలిగిపోయిందట. ఫోటో పంపారు, ఫ్యాక్టరీ యజమానితో ఆయనే మాట్లాడి నాకు సమయం కూడా అడిగి పెట్టారు. వెళ్లాను. పెట్టె చూస్తే బాగానే ఉంది. పోటీదారు చేసిన పెట్టే అయినా మంచి పెట్టె. తప్పు పేర్చడంలో ఉంది. ఇటుక వరస పేరుస్తున్నారు, పైగా పెట్టెలు ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క బల్ల) అంచు దాటి రెండు అంగుళాలు బయటికి వేలాడుతున్నాయి. పెట్టె మార్చనక్కర్లేదు, మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేర్చి, ప్యాలెట్ దాటనివ్వకండి అని చెప్పి, వాళ్ల కుర్రాళ్లతో ఒక ప్యాలెట్ పేర్పించి చూపించి వచ్చేశాను. దారిలో మనసు కొంచెం కలవరపడింది. మెషీన్లు ఖాళీగా ఉన్న రోజుల్లో ఎదురుగా ఉన్న ఆర్డర్ వదులుకున్నానేమో అనిపించింది. కానీ లేని లోపం ఉందని చెప్పి అమ్మితే నన్ను పంపిన పెద్దాయన మొహం ఎలా చూడాలి?

రెండు నెలల తర్వాత ఆ ఫ్యాక్టరీ వాళ్లే ఫోన్ చేసి మూడు కొత్త సైజులకు శాంపిళ్లు అడిగారు. ఈ రోజుకీ మా పెద్ద కస్టమర్లలో వాళ్లు ఒకరు. రేటు గురించి బేరం ఆడతారు, ఆడాలి కూడా. కానీ మొదటి మాట మాత్రం "ఇందులో ఫలానాది పెడుతున్నాం, ఏ పెట్టె అయితే బాగుంటుంది?" అని ఉంటుంది. ఆన్‌లైన్ ప్రకటనలు పెట్టిన రోజుల్లో నేను వినాలనుకున్న ప్రశ్న అదే.

గ్రూపు మీటింగ్ కంటే నాకు ఎక్కువ ఉపయోగపడినవి ఇద్దరిద్దరం విడిగా కలుసుకున్న గంటలు. మొదట్లో బయట ఎక్కడో కలిసేవాళ్లం. తర్వాత ఒకరి పనిచోటుకి ఇంకొకరు వెళ్లడం అలవాటు చేసుకున్నాం. మనిషి తన టేబుల్ దగ్గర, తన మెషీన్ దగ్గర ఉన్నప్పుడు మాట్లాడే తీరే వేరు. ఆ గంటలో అందరినీ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: "మీకు ఎలాంటి కస్టమర్ వద్దు?" ఎలాంటివాళ్లు కావాలంటే అందరూ ఒకటే చెప్తారు. ఎవరు వద్దో అడిగితే అసలు పని బయటపడుతుంది. ఆడిటర్ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గడువుకు ముందు రోజు సంచి నిండా బిల్లులు తెచ్చేవాళ్లను మాత్రం పంపకండి సార్. నెలనెలా కాగితాలు ఇవ్వడానికి ఒప్పుకునే చిన్న వ్యాపారమైనా పంపండి, ప్రాణం పెట్టి చేస్తాను" అన్నారు. ఆ మాట విన్నాక ఆమెకు ఎవరిని పంపాలో నాకు స్పష్టంగా తెలిసింది. అప్పటివరకు నేను పంపిన ఇద్దరూ సంచులవాళ్లేనని కూడా తెలిసింది.

ఇక చెప్పక తప్పని విషయం. నేను చేసిన పొరపాటు.

గ్రూపులోకి కొత్తగా ఒకాయన వచ్చారు. ఎలక్ట్రికల్ ప్యానెళ్ల పని. చక్కగా మాట్లాడతారు, తన నిమిషంలో అందరినీ కట్టిపడేస్తారు. నెల రోజులు వారం వారం చూశాను కదా, బాగా తెలుసనుకున్నాను. మా కస్టమర్ ఒకరు ప్యానెల్ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చాలి, సెలవు రెండు రోజుల్లో అయిపోవాలి, ఎవరైనా ఉన్నారా అని అడిగారు. వెంటనే "మా గ్రూపులో ఉన్నారు, చాలా బాగా చేస్తారు" అన్నాను. ఆ పని నేనెప్పుడూ కళ్లారా చూడలేదు. ఆయన అడ్వాన్స్ తీసుకుని మొదటి రోజు వచ్చారు, పాత ప్యానెల్ విప్పారు, రెండో రోజు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సెలవులు అయిపోయి పనివాళ్లు వచ్చేసరికి లైన్‌కు కరెంటు లేదు. ఉదయం తొమ్మిదింటికి కస్టమర్ నాకు ఫోన్ చేశారు. అరవలేదు. "మీరు చెప్పారని పిలిచాం సార్" అన్నారు, అంతే.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

వెంటనే బయల్దేరి వెళ్లాను. ఫోన్‌లో సారీ చెప్పే సంగతి కాదది. ముందు చూడకుండా చెప్పానని, తప్పు నాదని ఒప్పుకున్నాను. మా షెడ్డు వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లాను. రెండు రోజులు పట్టింది. రెండో రోజు రాత్రి లైన్ తిరిగేదాకా అక్కడే ఉన్నాను. నేను చేసిందేమీ లేదు, స్క్రూడ్రైవర్ అందించాను, టార్చి పట్టుకున్నాను. కానీ ఉండాలనిపించింది. ఆ తర్వాత ఆ ప్యానెళ్ల ఆయనను కలిసి జరిగింది మొహం మీదే చెప్పాను, గ్రూపు నడిపేవాళ్లకూ చెప్పాను. కస్టమర్ నుంచి తర్వాతి ఆర్డర్ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేను అడగలేదు.

ఎవరినైనా ఇంకొకరికి చూపించడం అంటే పూచీ పడటమే. అప్పుపత్రం మీద సంతకం పెట్టేటప్పుడు పదిసార్లు ఆలోచిస్తాం, నోటి మాటకు మాత్రం ఆలోచించం. ఇప్పుడు నేను మూడు రకాలుగా చెప్తాను, ఆ మూడింటినీ కలవనివ్వను. పని చూడకపోతే "నంబరు ఉంది, పని ఎలా ఉంటుందో నాకు తెలియదు, మీరే విచారించుకోండి" అంటాను. చేసిన పని వెళ్లి చూసి ఉంటే "పని చూశాను, బాగుంది, ఇద్దరినీ కలుపుతాను" అంటాను. నాకే చేసి ఉంటే, లేదా ఒకసారి తేడా వచ్చినప్పుడు దాన్ని ఎలా సరిదిద్దారో నేను చూసి ఉంటే, అప్పుడు మాత్రం "ఏమైనా అటూ ఇటూ అయితే నాకు ఫోన్ చేయండి" అంటాను. ఈ మూడో మాట నేను రెండేళ్లలో తొమ్మిదిమంది గురించి మాత్రమే అన్నాను.

చిత్రం ఏమిటంటే, నాకు వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం వారం వారం కలిసేవాళ్ల నుంచి నేరుగా రాలేదు. వాళ్ల పరిచయస్తుల ద్వారానో, నేను ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే కలిసే మనుషుల ద్వారానో వచ్చాయి. 1973లో మార్క్ గ్రనోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త ఉద్యోగాల విషయంలో ఇదే చూపించారు. బోస్టన్ దగ్గర న్యూటన్‌లో పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను అడిగితే, ఆ సంగతి చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, దూరపువాళ్లు ఇంకో లోకం కబురు తెస్తారు. మా గాజు సామాను కస్టమర్ అలాగే వచ్చారు. మొదటి సభలో కూతురి చదువు గురించి మాట్లాడిన ఆయన గుర్తున్నారా? ఏడాదిన్నర తర్వాత ఆయన బావమరిదికి పార్టిషన్ బాక్సులు కావాల్సి వస్తే, ఆయనకు గుర్తొచ్చిన అట్టపెట్టెలవాణ్ణి నేనే. మధ్యలో నేను చేసిందల్లా ఆ అమ్మాయికి సీటు వచ్చిందా అని ఒకసారి, ఎలా చదువుతోందని ఒకసారి ఫోన్ చేయడమే. నిజంగా తెలుసుకోవాలనే చేశాను.

దీనికి పట్టే సమయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చేరేటప్పుడు ఎవరూ లెక్క వేసి చెప్పరు. మీటింగ్ గంటన్నర, రాకపోకలు ఇంకో గంట, విడిగా ఒకరిద్దరిని కలవడం, కలిసిన మర్నాడే రెండు వాక్యాల మెసేజ్ పెట్టడం, మాట ఇచ్చిన పరిచయాలు కలపడం, అన్నీ కలిపి వారానికి ఆరు గంటలు. మొదటి నాలుగు నెలలు ఒక్క పెట్టె ఆర్డర్ కూడా రాలేదు. ఇంట్లో, షెడ్డులో అందరికీ అనుమానమే. ఇంకో గ్రూపులోనూ చేరి రెండు నెలలకే మానేశాను. అక్కడ వారానికి ఇన్ని రిఫరల్స్ ఇచ్చి తీరాలనే ఒత్తిడి ఉండేది. లెక్క కోసం పనికిరాని నంబర్లు ఒకరికొకరు ఇచ్చుకుంటుంటే నాకు నచ్చలేదు. అప్పటికే ప్యానెల్ దెబ్బ తిని ఉన్నాను. చేరే ముందు రెండు మూడు మీటింగులకు అతిథిగా వెళ్లి, సభ్యులను "ఇక్కడ మీరు ఎవరి పని స్వయంగా చేయించుకున్నారు?" అని అడగడం మంచిది. ఆ జవాబులోనే ఆ గ్రూపు సంగతి తెలిసిపోతుంది.

మొన్న ట్రాన్స్‌పోర్ట్ పెద్దాయన కూతురు ఫోన్ చేసింది. వ్యాపారం ఇప్పుడు తనే చూసుకుంటోంది. గోడౌన్ పైకప్పు రేకులు మార్చాలట. "నాన్న మిమ్మల్ని అడగమన్నారండీ. మీరు చెప్తే ఇంక వేరేవాళ్లను చూడం" అంది. రేకుల పని చేసేవాళ్లు ఇద్దరు తెలుసు. ఒకరి పేరు నోటిదాకా వచ్చింది. ఆయన పని నేను చూసి ఏడాది దాటింది. ఈ మధ్య పనివాళ్లు మారారని కూడా విన్నాను.

"రెండు రోజులు టైమ్ ఇవ్వమ్మా. ఆయన ఇప్పుడు చేస్తున్న షెడ్డు ఒకటుంది, వెళ్లి చూసి చెప్తాను" అన్నాను.